పాల రైక

సుల్తానాబాద్,
ఆగస్టు 1961

చెల్లె నర్మదకు అక్క దేవవ్వ దీవించి రాస్తున్న సంగతులు.

మరిది లక్ష్మీరాజం రాసిన కార్డు అందింది. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా కులాసా అనీ నాలుగు ముక్కలే రాశాడు. ఆ నాలుగు ముక్కల్నే బాపు మగ్గం ఆపి మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత చాలాసేపు నాడె ముట్టలేదు. "మీ అవ్వ ఉంటే గీ పాటికి బండెక్కేది" అని మాత్రం అన్నాడు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాల్సింది. బొగ్గుబాయి దవాఖాన ఇంటికి దగ్గర, కోడలు ఇక్కడే ఉంటుందని మీ అత్త సక్కుబాయి కబురు పంపితే సరేనన్నాం. దవాఖాన దగ్గర ఉండడం మంచిదే. ఇంతకంటే ఆ మాట పెంచను.

మన వాడకట్టు ముత్తయ్య సెలవు అయిపోయి బెల్లంపల్లికి తిరిగి పోతున్నాడు. అతని చేతికి ఒక మూట ఇచ్చాను. అందులో మూడు ఉన్నాయి. వాటిని రవికలనాలో బాడీలనాలో నాకే తెలియదు. పక్కింటి గంగుబాయి మాత్రం పాల రైకలని పేరు పెట్టింది. ఆమె పిల్లవాణ్ని ఒళ్లో వేసుకొని కండెలు చుడుతుంటే చూసేదాన్ని. రవిక బిగుతు, ముందంతా తడి, పైన కొంగు కప్పుకొని ఉక్కపోతలో కూర్చునేది. నేనా, పిల్లల్ని కన్నదాన్ని కాదు. పెళ్లయిన ఏడాదికే ఆయన పోయాడు, నేను మళ్లీ బాపు ఇంటికే వచ్చాను. పాలు పడితే ఒళ్లు ఎలా ఉంటుందో నాకెట్లా తెలుస్తుంది? సిగ్గు విడిచి అడిగాను. "జబ్బలు గుంజుతయి అక్కా, పొద్దుగాల ఒక తీరు, మాపటికి ఒక తీరు ఉంటది" అంది. ఆమె మీద కొలిచీ, విప్పీ, మళ్లీ కుట్టీ చివరికి ఇవి కుదిరాయి. ఒకటి ఇప్పటికి సరిపోతుంది. ఒకటి పాలు బాగా పడ్డాక. మూడోది పడుకునేటప్పుడు వేసుకోవడానికి, వదులుగా ఉంటుంది. ఎలా కట్టుకోవాలో రాయను. చేతిలోకి తీసుకుంటే నీకే తెలుస్తుంది.

ఎక్కడ బిగుతు, ఎక్కడ వదులు, దాచకుండా రాయి. నేను తొడుక్కొని చూసుకోలేని బట్ట ఇది. నువ్వు చెబితేనే నాకు తెలియాలి.

నీ అక్క,
దేవవ్వ


బెల్లంపల్లి,
సెప్టెంబరు 1961

అక్కకు నర్మద దండాలు.

నీ ఉత్తరమూ మూటా రెండూ అందాయి. పాప బాగుంది. జుట్టు ఒత్తుగా ఉంది, మన అవ్వ పోలిక అని నాకనిపిస్తుంది. మా అత్త పాపను ఒడి దింపదు. స్నానం ఆమే పోస్తుంది, సాంబ్రాణి ఆమే వేస్తుంది. నాకు ఇచ్చేది పాలకే.

ఇక్కడ వానలు తెరిపి ఇవ్వడం లేదు. ఎండ వచ్చినప్పుడు బట్టలు ఆరేస్తే బొగ్గు నుసి పడుతుంది. ఆయన దీపాల గదిలో పని, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చి తీసుకోవడం. లోపలికి దిగే పని కాదు కాబట్టి బాపును బెంగ పెట్టుకోవద్దను.

నువ్వు పంపినవి చాలా బాగున్నాయి. కొలిచి కుట్టినట్టే సరిపోయాయి. హుక్సులు కూడా గట్టిగా ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు. మా బాయి క్వార్టర్ల లైన్లలో ఆడవాళ్లు చూసి ఎవరు కుట్టారని అడిగారు.

కొంచెం జ్వరం తగిలింది. వానలకే. నువ్వు దిగులుపడకు.

నీ చెల్లె,
నర్మద


సుల్తానాబాద్,
సెప్టెంబరు 1961

నర్మదకు,

వాటికి హుక్సులు లేవు.

మొదట కుట్టినదానికి పెట్టాను. గంగుబాయి కొడుకు బుగ్గ మీద హుక్కు గీరి ఎర్రగా చార పడింది. ఆ రోజే అన్నీ పీకేశాను. నీకు పంపిన వాటిలో హుక్కు గానీ గుండీ గానీ ఒక్కటి లేదు, అంతా మెత్తటి నాడాలే. నువ్వు వాటిని తొడుక్కోలేదు. చేతిలోకి తీసుకొని చూసినట్టు కూడా లేదు.

నాకు కోపం లేదు. కోపం ఉంటే ఇంత తొందరగా జవాబు రాయను. నువ్వు చిన్నప్పుడు కూడా అంతే. దెబ్బ తగిలితే దాచి, ఏం కాలేదక్కా అని నవ్వేదానివి. మోకాలు వాచి నడవలేకపోయినప్పుడు గానీ తెలిసేది కాదు. అవ్వ పోయాక నిన్ను నేనే పెంచాను. నీ నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

నాకు నీ జ్వరం మీదే మనసు ఉంది. వానలకు వచ్చిన జ్వరమైతే దగ్గు ఉంటుంది, ముక్కు కారుతుంది. అవి రాయలేదు. పాలిచ్చే తల్లికి ఊరికే జ్వరం రాదని గంగుబాయి అత్త అంది. "రొమ్ము పట్టి సూస్కొమ్మను, ఎక్కడన్న గట్టిగున్నదా" అని చెప్పింది. చూసుకో. పాప రెండు వైపులా తాగుతున్నదా లేదా రాయి.

మూట ఏమైంది? ఏది జరిగినా నాకు రాయి. మూట పోయినా ఫరవాలేదు. నువ్వు బాగుండాలి.

అక్క


బెల్లంపల్లి,
అక్టోబరు 1961

అక్కా,

ఈ ఉత్తరం పాప నిద్రపోతుంటే రాస్తున్నాను. రాయకుండా ఉండలేను, రాస్తే నీ మనసు విరుగుతుంది.

మూట ముత్తయ్య చేతి నుంచి మా అత్తే తీసుకుంది. వెనక వసారాలో విప్పి చూసింది. నేను చూసింది తెల్లగుడ్డ అంచు ఒక్కటే. "ఎవ్వలు కుట్టిండ్రు గివి?" అని అడిగింది. మా అక్క అన్నాను. ఆమె చాలాసేపు కుట్టు తడిమి చూసింది.

"మంచిగనే కుట్టింది. పనితనం ఉన్నది. గని బాయీ, నువ్వు తొడగద్దు. తాళి తెగిన చెయ్యి, కడుపు పండని చెయ్యి. గా చెయ్యి తగిలిన గుడ్డల నుంచి పిల్ల నోట్లెకు పాలు పోవద్దు. మీ అక్క మీద నాకు కోపం లేదు. నాకు భయమైతది" అంది.

మూట అటక మీద పెట్టింది. పారేయలేదు. తర్వాత తన పెట్టె తెరిచి పాత చోళీ ఒకటి తీసింది. ఆసిఫాబాద్ వైపు ఆడవాళ్లు తొడుక్కునేది, ముందు ముడి వేసుకునేది. "నా రాజం గీ చోళీ మీదనే పాలు తాగి బతికిండు. గిదే తొడుక్కో" అని తనే నాకు తొడిగింది. ఆమె సన్నటి మనిషి. నాకు అది పట్టదు. రొమ్ముల కింద ముడి బిగించి కట్టింది. వదులైతే పాలు జారిపోతాయట. రోజూ పొద్దున తనే కడుతుంది, అక్కా. ప్రేమగానే కడుతుంది. అందుకే కాదనలేకపోయాను.

కాన్పుకు నన్ను పంపకపోవడానికి కారణం కూడా అదే. దవాఖాన కాదు. నీకు ముందే తెలుసు కదూ.

ఎడమ వైపు ముడి పడే చోట మొదట కాయలా ఉండేది. ఇప్పుడు రాయిలా ఉంది. ఎర్రగా ఉంది, తాకితే ప్రాణం పోతుంది. పాప ఆ వైపు పెడితే మొహం తిప్పుకుంటుంది. కుడి వైపే ఇస్తున్నాను. జ్వరం వస్తూ పోతూ ఉంది. ఆయనతో చెబితే, "మా అవ్వ భయం నీకు ఎర్క లేదు. జర ఓపిక పట్టు" అన్నాడు. ఏ భయమో చెప్పడు.

నువ్వు నాకోసం ఊళ్లో వాళ్లను అడిగి అడిగి కుట్టిన బట్ట అటక మీద ఉంది. తొడుక్కున్నానని నీకు రాశాను. చదివి నువ్వు సంతోషపడాలని రాశాను.

నర్మద


సుల్తానాబాద్,
అక్టోబరు 1961

నర్మదా,

నీ ఉత్తరం అందిన రోజే ముత్తయ్య భార్య బెల్లంపల్లికి బయలుదేరుతోంది. ఆమె చేతికే ఇది ఇస్తున్నాను. మరిదితో చెప్పమని నోటి మాటగా కూడా పంపాను: గడ్డ కట్టి జ్వరం వస్తే ఇంట్లో కూర్చోబెట్టొద్దు, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. అవ్వ భయం తర్వాత చూసుకోవచ్చు. ఆ చోళీ ఇప్పుడే విప్పు. మీ అత్త బాధపడితే పడనీ. డాక్టరు ఏం చెబితే అది చెయ్యి. పాలు మానిపించమంటారో వద్దంటారో వాళ్లనే అడుగు, ఇరుగుపొరుగును కాదు.

ఇక రెండో మాట. నాకు బాధ కలగలేదంటే నువ్వు నమ్మవు. నీ ఉత్తరం చదివి కుట్టు మిషను మీద గుడ్డ కప్పేశాను. బాపు అడిగితే సూది విరిగిందన్నాను. ఈ చేతులతో నీకు జడ వేశాను, అన్నం కలిపి పెట్టాను. అప్పుడు కూడా నేను ఇదే మనిషిని. కానీ నా బాధ నీ గడ్డను తగ్గించదు. కాబట్టి ఆ సంగతి అక్కడికి వదిలేస్తాను.

నా చెయ్యి తగిలిన బట్ట వద్దంటే, నేను ఏమీ పంపను. గుడ్డ పంపను, దారం పంపను, కత్తిరించిన కాగితం కూడా పంపను. మాటలు మాత్రం రాస్తాను. గుడ్డ అక్కడి బజారులో మరిదిని తెమ్మను. కత్తెర, సూది మీ అత్త పట్టుకుంటుంది. ఆమె పిల్లను ప్రాణంగా చూసుకునే మనిషి. ఆమె చేత్తోనే కానివ్వు.

గుడ్డ మల్లు అయినా సరే, సన్న నూలు అయినా సరే. కుట్టక ముందే ఉతికి ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే కుట్టాక ముడుచుకుంటుంది, ఒరుసుకుంటుంది. భుజం మీద పట్టీ వెడల్పుగా, నాలుగు వేళ్లు పట్టేంత ఉండాలి. సన్నగా ఉంటే బరువంతా ఒక్క గీత మీద పడి భుజం కోసుకుపోతుంది. ముందు రెండు రెక్కలు, ఒకదాని మీద ఒకటి ఒరిగేటట్టు. ఏ వైపు పాలిస్తే ఆ రెక్క ఒక్కటే తొలగాలి, రెండో వైపు కప్పే ఉండాలి. నాడా ముడి ముందు పడొద్దు, చంక కింద పక్కకు పడాలి. కింద పట్టీ గుడ్డను ఏటవాలుగా కత్తిరించి కుట్టాలి, అప్పుడు అది కొంచెం సాగుతుంది. పట్టీ రొమ్మును మోయాలి, నొక్కకూడదు. కట్టుకున్నాక నీ వేళ్లు కింద నుంచి సులువుగా దూరాలి. అదొక్కటే కొలత. విప్పినప్పుడు ఒంటి మీద గీత పడిందంటే అది బిగుతు, అది నీది కాదు. లోపల మెత్తటి మడత గుడ్డలు పెట్టుకో, తడవగానే మార్చు, తడి గుడ్డ ఒంటిని అంటిపెట్టుకొని ఉండనీయకు. దవాఖాన నుంచి వచ్చాక గడ్డ తగ్గి మానేదాకా ఎడమ వైపు రెక్క ఇంకా వదులు ఉండాలి.

ఇది ఎవరు చెప్పారో చెప్పకు.

అక్క


బెల్లంపల్లి,
నవంబరు 1961

అక్కా,

ఇన్నాళ్లూ రాయలేదు. చెయ్యి లేవలేదు. ఇప్పుడు బాగున్నాను.

నీ నోటి మాట విని ఆయన నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. గడ్డ కోసి చీము తీశారు. నీకు అదంతా రాయను. మందు వాసన ఇంకా నా ముక్కులో ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ వైపు పాలే కాదు, మనిషే ఉండేది కాదని నర్సమ్మ మా అత్త ముందే అంది. పాపను నా పక్కనే ఉంచారు. కుడి వైపు పాలతోనే గడిపింది, ఏడ్చి ఏడ్చి.

మంచం పక్కన మా అత్త నేల మీద కూర్చుంది. తిండి తినలేదు. కట్టు మార్చేటప్పుడు నర్సమ్మ చోళీ ముడి వాత చూపించి, "గిది ఎవరు కట్టిండ్రమ్మా?" అంది. మా అత్త లేచి బయటికి వెళ్లిపోయింది. చాలాసేపటికి తిరిగి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చొని చెప్పింది. ఆమె ఏడవలేదు. గోడ వైపు చూస్తూ చెప్పింది.

"రాజం కంటె ముందు నాకు ఇద్దరు ఆడిపిల్లలు. ఇద్దరు పాలు తాగెటప్పుడే పోయిండ్రు. పెద్దది పోయిన నాడు మా ఆడిబిడ్డ ఎత్తుకున్నది, మొగడు పోయి ఇంటికచ్చిన మనిషి. చిన్నది పోయిన నాడు సుత ఆమెనే ఎత్తుకున్నది. అందరు గదే అన్నరు. నేను సుత గదే అన్న. ఆమెను ఇంట్ల నుంచి ఎల్లగొట్టిచ్చిన. మూడోసారి రాజం పుట్టినంక ఎవ్వల్ని ముట్టనియ్యలే. వాడు బతికిండు. గందుకే బాయీ, నాకు వేరే తొవ్వ కనవడలే."

ఆమె మీద నాకున్న కోపం ఎటో పోయింది. ఆమె చెప్పిన ఆడబిడ్డ ఎక్కడ ఉందో, బతికుందో లేదో అడగాలనిపించింది. అడగలేదు.

చోళీని ఆమే తీసి మడిచింది. ఇంటికి వచ్చాక ఆయన మల్లు గుడ్డ తెచ్చాడు. నువ్వు రాసింది నేను మనసులో పెట్టుకొని ఒక్కొక్కటి చెబుతుంటే ఆమె కత్తిరించింది. చేతికుట్టు, పెద్ద పెద్ద కుట్లు. మొదటిసారి రెక్కలు రెండూ ఒకే వైపు తిరిగాయి. విప్పి మళ్లీ కుట్టింది. ఇప్పుడు అదే తొడుక్కున్నాను, అక్కా. వేళ్లు దూరుతున్నాయి. భుజం నొప్పి లేదు. పుండు మానుతోంది. పాప మొన్న ఎడమ వైపు తాగింది. నేను ఊపిరి బిగబట్టుకొని కూర్చున్నాను.

గీ తెలివి నీకెట్లా వచ్చిందని ఆమె అడిగింది. నువ్వు చెప్పొద్దన్నావు కదా. నర్సమ్మ చెప్పిందన్నాను. ఇప్పుడు లైన్లలో ఆడవాళ్లు వస్తున్నారు. మా అత్త అందరికీ చూపించి, కుట్టి ఇస్తోంది. ఆమె పేరు మారుమోగుతోంది.

నర్మద


సుల్తానాబాద్,
డిసెంబరు 1961

నర్మదకు,

నువ్వు కోలుకున్నావని చదివాక బాపు కొండగట్టు అంజన్నకు మొక్కు తీర్చి వచ్చాడు. నడిచే పోయి నడిచే వచ్చాడు. పాదాలు బొబ్బలెక్కాయి, సంతోషంగా ఉన్నాడు.

నేను సంతోషపడ్డాను. ఆ మాట ముందు రాసి, తర్వాత మిగతాది రాస్తాను.

ఎవరు చెప్పారో చెప్పొద్దన్నాను. ఇంకొకరి పేరు చెప్పమనలేదు. ఈ రెండూ ఒకటి కావు. నా పేరు లేకుండా ఉండగలననుకున్నాను. ఆ చోట ఇంకొకరు నిలబడ్డారని చదివినప్పుడు నాలో ఏదో చివుక్కుమంది. మీ అత్తను అనడం లేదు. ఆమెకు తెలియదు. నువ్వైనా ప్రాణం మీదికి వచ్చి లేచినదానివి, నోటికొచ్చింది అన్నావు. అయినా నాకు కోపం వచ్చింది. నీ మీదే వచ్చింది. రాయకుండా దాచుకుంటే మనిద్దరి మధ్య ఇంకో మూట అటకెక్కుతుంది. అందుకే రాస్తున్నాను.

ఇంకొకటి. ఇన్ని ఉత్తరాలు రాశావు. ప్రతిదానిలో పాప, పాప అని రాస్తావు. పురుడు పోసుకొని ఇన్ని నెలలు. పేరు పెట్టకుండా ఉండరు. మన మేనమామ కూతురు బెల్లంపల్లి పోయి వచ్చి, పేరు పెట్టే నాడు భోజనాలు పెట్టారని చెప్పింది. నా చెల్లె కూతురి పేరు నాకు తెలియదు. బాపు అడిగితే ఏం చెప్పను?

అక్క


బెల్లంపల్లి,
జనవరి 1962

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు అన్నం సహించలేదు. మూడో పూట చెప్పేశాను.

ఆ రోజు మధ్యాహ్నం మా వసారాలో ఆడవాళ్లు కూర్చున్నారు. ఎల్లక్క అని ఒకామె ఉంది. బాయి పైన బొగ్గులో రాళ్లు ఏరే పని చేస్తుంది. కవల పిల్లలు. పని మధ్యలో వచ్చి పాలిచ్చి పోతుంది. మనిషి దిట్టంగా ఉంటుంది. మా అత్త కుట్టింది ఆమెకు ఆగడం లేదు, భుజం దగ్గర పిగిలిపోతోంది. "నర్సమ్మనే అడుగరాదు, ఇంకేమన్న ఉపాయం చెప్తదేమో" అని మా అత్త నాతో అంది.

"నర్సమ్మ చెప్పలేదు అత్తా. మా అక్క చెప్పింది. ఉత్తరంలో రాస్తే చదివి నేను నీకు చెప్పిన. అటక మీద ఉన్నయి చూడు, అవి గిట్లనే ఉంటయి" అన్నాను.

మా అత్త మొహం నల్లబడింది. సూది గుడ్డలో గుచ్చి, లేచి, ఉయ్యాల దగ్గరికి పోయింది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పాప నిద్రపోతోంది. ఆమె అక్కడే నిలబడిపోయింది. ఎల్లక్కే మెల్లగా అంది: "పిల్ల మంచిగనే ఉన్నది గదా సక్కుబాయీ. ఇన్నొద్దుల సంది గదే తొడుక్కొని పాలిస్తున్నది గదా." వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

తర్వాత నాతో మాట్లాడలేదు. పాపను మాత్రం వదల్లేదు. ఒళ్లు వేడిగా ఉందా అని మాటిమాటికీ చూసేది. నేను తొడుక్కున్నదాన్ని విప్పమని అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. ఒక రోజు నిచ్చెన వేసుకొని అటకెక్కింది. మూట దించి, నీవి మూడూ చాప మీద పరిచి, తను కుట్టినదాన్ని పక్కన పెట్టుకొని చూసింది. నీ కుట్టు వెంబడి వేలు పోనిస్తూ కూర్చుంది.

నిన్న నన్ను పిలిచి ఉత్తరం రాయమంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"దేవవ్వా, నేను సక్కుబాయిని. నువ్వు కుట్టినయి మంచిగున్నయి. నేను కుట్టినయి ఎల్లక్కకు ఆగుతలేవు. గామెకు ఇద్దరు పిల్లలు, బొగ్గుల పని. నువ్వు జర వచ్చి గామె కొలత తీసుకోవాలె. నా ఇంట్లనే ఉండు. ఇంకోటి. పిల్ల పేరు తారాబాయి. నా చిన్నబిడ్డ పేరు. నీకు చెప్పద్దని కోడలికి నేనే చెప్పిన. ఇప్పుడు నేనే చెప్తున్న. నాకు భయం పోయిందని అనుకోకు. పోలే. నా చిన్నబిడ్డ పోయి ముప్పై ఏండ్లయినా పోలే, గిప్పుడు ఎట్ల పోతది? భయంతోనే రమ్మంటున్న. రా."

ఇంతే అక్కా. రాసి చదివి వినిపించాను. "సాలు, గట్లనే పంపు" అంది.

నర్మద


సుల్తానాబాద్,
మార్చి 1962

చెల్లె నర్మదకు,

క్షేమంగా చేరాను. పెద్దపల్లిలో బండి దిగి బస్సు పట్టుకునేసరికి పొద్దు వాలింది. మీ అత్త కట్టిచ్చిన జొన్న రొట్టెలు బాపుకు ఇచ్చాను. నమిలి నమిలి తిని, మనుమరాలి సంగతులు ఒక్కటీ వదలకుండా చెప్పించుకున్నాడు.

ఎల్లక్కకు కుట్టింది ఆగుతున్నదా? భుజం పట్టీ రెండు పొరలు వేశాను. వీపు మీద అడ్డంగా కలిపాను, బరువు రెండు భుజాలకూ సమంగా పడాలని. కవలలిద్దరికీ ఒకేసారి పాలిస్తానంటోంది కాబట్టి రెండు రెక్కలూ ఒకేసారి తొలిగేటట్టు ఉంచాను. చెమటకు కింద పట్టీ ఒరుసుకుంటే మళ్లీ రాయి, వెడల్పు పెంచుతాను. మీ అత్తకు ఏటవాలు కత్తిరింపు వచ్చేసింది. ఇక లైన్లలో వాళ్లకు ఆమే కుట్టగలదు. రానిది కుట్టు పొందికే. అది చేయగా చేయగా వస్తుంది.

నీకు ఒక సంగతి చెప్పాలి. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను తారాబాయిని ఎత్తుకోలేదని నువ్వు గమనించావు. నువ్వు రెండుసార్లు నా చేతికి ఇవ్వబోతే, చేతులకు నూనె ఉందనీ సూది ఉందనీ తప్పించుకున్నాను. మీ అత్త భయం చూసి కాదు. నాకూ భయమే. పాపకు రేపు దగ్గు వచ్చినా, కడుపు నొచ్చినా, అందరికంటే ముందు నన్ను నేనే అనుకుంటాను. ఇన్నేళ్లు వాళ్లూ వీళ్లూ అన్న మాటలు నాలో కూడా దిగబడి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే చాలనుకొని వచ్చాను. చూశాను. బండెక్కిపోదామనుకున్నాను.

స్టేషనులో నువ్వు, మరిది టికెట్టు కోసం వెళ్లారు. మీ అత్తా నేనూ బల్ల మీద కూర్చున్నాం. పాప ఆమె ఒళ్లో ఉంది. గూడ్సు బండి ఒకటి బొగ్గు నింపుకొని పోయింది. అది పోయేదాకా ఆమె పాప చెవులు మూసింది. పోయాక, నా వైపు చూడకుండానే పాపను ఎత్తి నా ఒళ్లో పెట్టింది. పెట్టి, చేతులు వెనక్కి తీసుకోలేదు. పాప కింద నా చేతులు, నా చేతుల కింద ఆమె చేతులు. కొంతసేపు అట్లాగే ఉన్నాం. తర్వాత ఒక్కొక్క చెయ్యీ మెల్లగా తీసుకుంది.

పాప బరువుగా ఉంది. నేను అంత బరువు అనుకోలేదు.

ఆకలి వేళేమో, తల అటూ ఇటూ తిప్పి, నా రొమ్ము మీద మొహం పెట్టి వెతకడం మొదలుపెట్టింది. నోటితో రవిక పట్టుకొని గుంజింది. నాకు మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. కన్నీళ్లు వచ్చాయి. "తీసుకో అత్తమ్మా, ఆకలైతుంది పిల్లకు" అన్నాను. ఇవ్వబోయాను.

ఆమె తీసుకోలేదు. తన కొంగు నా భుజం మీదుగా వేసి, పాలిచ్చే తల్లికి కప్పినట్టు, మా ఇద్దరినీ కప్పింది.

"ఎతుకనియ్ బిడ్డా" అంది. "తల్లి వచ్చేదాక నీ దగ్గర్నే ఉండనియ్."

నువ్వు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం. నువ్వు వచ్చి ఏమైంది, ఇద్దరూ ఎందుకేడుస్తున్నారని అడిగితే, గూడ్సు బండి నుసి కళ్లల్లో పడిందని చెప్పింది ఆమే.

దేవవ్వ